గాలి బరువును తూచు కొలువు

నిరుటి వేసవిలో, కొంపల్లిలో జాతీయ రహదారిని ఆనుకొనియున్న ఒక వర్క్‌షాపున, డిప్లొమా ముగించి ఉద్యోగాన్వేషణలోనున్న ఒక యువకుడు ఎఱ్ఱని కారు డిక్కీపై నల్లని ఫైబర్ స్పాయిలర్‌ను నిలిపి, టేపుతో అంటించి, రెండడుగులు వెనుకకు జరిగి, తల యొక ప్రక్కకు వంచి చూచి, మరల దానిని అరంగుళము కుడికి జరుపుచుండగా నేను చాలసేపు చూచుచు నిలిచితిని. దీనివలన బండి నిజముగా నేలను పట్టుకొనునా యని అడిగితిని. "పట్టుకుంటదంటరు సార్, గని ఎంత పట్టుకుంటదో ఎవలూ చెప్పరు" అనెను.

ఆ "ఎంత" యను మాటయే కారుపై గాలి బలమును లెక్కించి స్పాయిలర్ వంటి భాగములను రూపొందించు వృత్తికి వాకిలి. వేగముగా పోవు కారు పైకప్పు మీదుగా గాలి వంపు తిరిగి సాగునపుడు అచ్చట పీడనము తగ్గి, వెనుక చక్రములపైని భారము కొంత తేలిపోవును. డిక్కీ అంచున నిలిచిన స్పాయిలర్ ఆ ప్రవాహమునకు అడ్డువచ్చి, తన ముందరి భాగమున పీడనమును పెంచి, తేలిన భారమును మరల నేలకు దింపును. ఈ బలము వేగము యొక్క వర్గమును అనుసరించి పెరుగును. గాలికి ఎదురగు వైశాల్యము 2 చదరపు మీటర్లుగల కారునకు, వెనుకవైపు ఉత్థాపన గుణకము (గాలి కారును పైకెత్తు బలమును సూచించు అంకె) 0.1 మేర తగ్గెననుకొన్నచో, గంటకు 60 కి.మీ. వేగమున తిరిగి లభించు భారము మూడున్నర కిలోలకు మించదు, 120 కి.మీ. వేగమున అది సుమారు 14 కిలోలు, 240 కి.మీ. వేగమున 54 కిలోలు. మన మేడ్చల్, శామీర్‌పేటల మీదుగా పోవు 158 కి.మీ. ఔటర్ రింగు రోడ్డుపై అనుమతింపబడిన గరిష్ఠవేగము 120 కి.మీ. గనుక, ఆ యువకుడు బిగించుచున్న వస్తువు చట్టబద్ధముగా ఇయ్యగలిగినది ఇరువదియైదు కిలోల బియ్యపు బస్తాలో సగముపాటి బరువు మాత్రమే. అదియును ఊరక రాదు. వెనుక ఇరుసునకు ఆవల నున్న స్పాయిలర్‌ను గాలి నొక్కినపుడు, ఏతపు మ్రాను ఒక కొన దిగిన రెండవ కొన లేచునట్లు, ముందరి చక్రములు ఒకింత తేలికపడును.

అట్లని దీనిని అలంకారమని త్రోసిపుచ్చరాదు. 1998లో వెలువడిన ఆడి టీటీ కారు చూపరులకు కన్నులపండువైనను, జర్మనీ రహదారులపై మహావేగమున అకస్మాత్తుగా దారి మార్చినపుడు వెనుకభాగము అదుపు తప్పి ప్రాణములు పోగా, కంపెనీ అమ్మిన కార్లను వెనుకకు రప్పించి, డిక్కీపై చిన్న స్పాయిలర్‌ను బిగించి, సస్పెన్షన్‌ను సవరించి, ఎలక్ట్రానిక్ స్థిరత్వ వ్యవస్థను చేర్చవలసివచ్చెను. బిగింపు బలహీనమైన నేమగునో 1969 స్పెయిన్ గ్రాండ్ ప్రి చూపినది: రెండు లోటస్ కార్ల ఎత్తైన రెక్కలు పరుగులోనే విరిగి, రెండును నుజ్జయ్యెను. ఆకృతిని కల్పించువాడు, గాలిని లెక్కించువాడు, అచ్చు పోయువాడు, బిగువును పరీక్షించువాడు, ఈ నలుగురిలో ఏ ఒక్కడు తప్పినను కారు నడుపువాని ప్రాణమునకే ముప్పు.

ఈ నలుగురిలో ఎవరు కాగోరినను కొంపల్లి నుండి బహుదూరము పోనక్కరలేదు. దుండిగల్‌లో ఏరోనాటికల్ ఇంజినీరింగు బోధించు కళాశాల 2000 నుండి కలదు. శామీర్‌పేట వైపున బిట్స్ పిలానీ ప్రాంగణము 2008 నుండి నడచుచున్నది. అచ్చులపై మక్కువగలవారికి బాలానగర్‌లో 1968లో వెలసిన కేంద్రీయ టూల్ డిజైన్ సంస్థ కలదు, ప్లాస్టిక్కులకు చర్లపల్లిలో సిపెట్ కలదు; ఈ రెండిటిని మన విద్యార్థులు తగినంతగా గుర్తింపకుండుట నాకు బాధ కలిగించుచున్నది. డిప్లొమా చదివినవారు ఈసెట్ వ్రాసి నేరుగా బీటెక్ రెండవ సంవత్సరమున చేరవచ్చును. పిమ్మట గేట్ ద్వారా బెంగుళూరు ఐఐఎస్సీకో, మద్రాసు ఐఐటీకో పోయి ద్రవగతిశాస్త్రమును లోతుగా చదువవచ్చును. ఉద్యోగములు కార్ల కంపెనీల ఇంజినీరింగు కేంద్రములందును, పుణె ఏఆర్‌ఏఐ వంటి పరీక్షాసంస్థలందును, 2021లో 11.3 కి.మీ. వేగపథము ప్రారంభమైన పీతంపూర్ నాట్రాక్స్ వంటి చోటులందును ఉండును. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ తీరమున ఫార్ములా ఈ పందెము జరిగినపుడు మనమందరము డ్రైవర్లను చూచితిమి. వారి వెనుక అంకెలు చదువుచు కూర్చున్న ఇంజినీర్లను చూచినవారు అరుదు.

చదువు ముగియువరకు ఆగనేల? ఓపెన్‌ఫోమ్ అను గణనసాధనము ఉచితముగా లభించును. అంతకంటె సులభమైనది ఉన్నిదారము. నాలుగంగుళముల ముక్కలు కత్తిరించి, వెనుక అద్దముపైనను డిక్కీపైనను వరుసలుగా టేపుతో అంటించి, వాహనములు రాని ప్రైవేటు స్థలమున పెద్దల సమక్షమున కారును నడిపించి, ప్రక్కబండి నుండి ఫోనుతో చిత్రీకరింపుడు. గాలి ఒంటికి అంటి పారుచోట దారములు చదునుగా పరుండును. విడివడినచోట గింగిరాలు తిరిగి ముందుకే మరలును. స్పాయిలర్ బిగించుటకు ముందు మాత్రము రవాణా కార్యాలయమున అడిగి తెలిసికొనుడు. నిర్మాత నిర్దేశించిన స్వరూపమునకు విరుద్ధమైన మార్పు చెల్లదని 2019లో సుప్రీంకోర్టు మోటారు వాహనముల చట్టము 52వ సెక్షనును వ్యాఖ్యానించినది.

ఆ యువకునికి ఈ దారముల సంగతి చెప్పితిని. మరల కలిసినపుడు ఫోనులో చిత్రము చూపెను: అద్దము దిగువనున్న దారములన్నియు వెనుదిరిగి, పిచ్చిగా కొట్టుకొనుచున్నవి; స్పాయిలర్ ఆ సుడిలోనే మునిగియున్నది. ఇపుడతడు ఈసెట్‌కు చదువుచు, అరంగుళము కుడికి జరుపుట మాని, రెండంగుళములు పైకెత్తిన నేమగునో నోటుపుస్తకమున లెక్క వేయుచున్నాడు.