మాక్రో లెన్స్ లేకుండానే మాక్రో

ప్రశ్న: నా దగ్గర పాత డీఎస్‌ఎల్‌ఆర్, 50 ఎంఎం లెన్స్ ఉన్నాయి. పూలు, పురుగుల్ని దగ్గరగా తీయాలని ఆశ. మాక్రో లెన్స్ ధర చూస్తే భయమేస్తోంది. వేరే దారి ఉందా?
– ఓ పాఠకుడు, తెనాలి

జవాబు: ఉంది. ముందు ఎక్స్‌టెన్షన్ ట్యూబులు కొనండి. కెమెరాకూ లెన్స్‌కూ మధ్య బిగించే గొట్టాలివి. లోపల గాజు ఉండదు కాబట్టి చవక. మీ 50 ఎంఎం లెన్స్‌కు 50 ఎంఎం పొడవు ట్యూబులు తగిలిస్తే, వస్తువు సెన్సార్ మీద అసలు సైజులో పడుతుంది. ఎలక్ట్రానిక్ కాంటాక్టులున్నవే అడగండి. అవి లేనివి ఇంకా చవకే గానీ, చాలా లెన్సుల్లో అపర్చర్ మార్చడం కుదరదు. ఇక్కడ అదే ప్రాణం. ఎందుకంటే ఇంత దగ్గరలో ఎఫ్/11 పెట్టినా స్పష్టంగా వచ్చే లోతు సుమారు ఒక మిల్లీమీటరే!

ఆటోఫోకస్ ఆపేయండి. కెమెరానే కొద్దికొద్దిగా ముందుకూ వెనక్కూ కదుపుతూ, పురుగు కన్ను స్పష్టంగా కనిపించగానే క్లిక్ చేయండి. ట్యూబులతో వెలుతురు బాగా తగ్గుతుంది. ఫ్లాష్ వాడక తప్పదు. దాని ముందు ట్రేసింగ్ పేపర్ అడ్డం పెడితే నీడలు మెత్తబడతాయి.

దూరం వెళ్లక్కర్లేదు. పెరట్లో కరివేపాకు చెట్టుంటే ఆకులు తిప్పి చూడండి, సీతాకోకచిలుక గొంగళిపురుగులు దొరకొచ్చు. పొద్దున్నే చల్లదనానికి పురుగులు అంతగా కదలవు, ఫొటోలకు అదే మంచి వేళ. కదలకుండా ఉండాలని వాటిని పట్టి ఫ్రిజ్‌లో పెట్టేవాళ్లున్నారు. దయచేసి మీరు ఆ పని చేయకండి.