పైథాన్‌లో పేరు పెట్టి పిలిచే ఆర్గ్యుమెంట్లు: రాయడం ఎలా?

టికెట్("విజయవాడ", "వరంగల్", 2, 1)

ఈ లైనులో 2 ఏమిటి, 1 ఏమిటి? ఇద్దరు పెద్దలు, ఒక పిల్లాడా? లేక రెండు సీట్లు, ఒక బెర్తా? రాసినవాళ్లకి ఇవాళ గుర్తుంటుంది. ఆర్నెల్లు పోతే వాళ్లూ తల గోక్కోవాల్సిందే. పెద్దలు=2, పిల్లలు=1 అని ఉంటే ఆ బాధ లేదు. అలా రాయనిచ్చే ఫంక్షన్ ఒకటి మనం కలిసి చేద్దాం.

కావలసినవి

పైథాన్ 3 ఉన్న కంప్యూటర్, ఏదో ఒక ఎడిటర్. పైథాన్ 3లో పేర్లు తెలుగులో పెట్టుకోవచ్చు, కాబట్టి అలాగే పెడదాం. డెఫ్, ప్రింట్, నన్ లాంటి పైథాన్ సొంత మాటలు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లోనే టైప్ చేయాలి.

ఒక జాగ్రత్త. "బస్‌టికెట్" అని టైప్ చేసేటప్పుడు "స్" విడిగా నిలబడడానికి కంటికి కనబడని గుర్తు ఒకటి మధ్యలో పడుతుంది. అది పేరులో ఉంటే పైథాన్ ఒప్పుకోదు. తెర మీద చూస్తే తప్పేమీ కనబడదు! అందుకే చిన్న, తేలిక పేర్లు చాలు.

పద్ధతి

1. ముందు పిలిచే లైను రాద్దాం. చాలామంది డెఫ్‌తో మొదలుపెడతారు. కానీ డెఫ్ రాసేది ఒక్కసారి, పిలిచేది వంద చోట్ల.

టికెట్("విజయవాడ", "వరంగల్", పెద్దలు=2, పిల్లలు=1)

2. తప్పనిసరివి ఏవో, వదిలేయగలిగినవి ఏవో విడదీద్దాం. ఊళ్లు చెప్పకుండా టికెట్ లేదు. పెద్దలు చెప్పకపోతే 1, పిల్లలు చెప్పకపోతే 0 అనుకోవచ్చు. ఇదే డీఫాల్ట్. సరైన డీఫాల్ట్ తోచకపోతే ఊహించి పెట్టొద్దు, తప్పనిసరి చేసేయండి.

3. ఇప్పుడు ఫంక్షన్ రాద్దాం. తప్పనిసరివి ముందు, డీఫాల్ట్ ఉన్నవి తర్వాత.

డెఫ్ టికెట్(నుంచి, వరకు, పెద్దలు=1, పిల్లలు=0):
    ప్రింట్(నుంచి, వరకు, పెద్దలు, పిల్లలు)

4. రకరకాలుగా పిలిచి చూద్దాం. ఊళ్లు మాత్రమే ఇవ్వండి. తర్వాత పెద్దలు వదిలేసి పిల్లలు=2 ఒక్కటే ఇవ్వండి. పేరుంది కాబట్టి మధ్యలోది దాటేసినా పని జరుగుతుంది. పేర్ల వరుస తారుమారు చేసినా ఫలితం మారదు.

5. స్టార్ పెడదాం. ఇప్పటికీ ఎవరైనా పేర్లు లేకుండా 2, 1 అని రాయగలరు. దాన్ని ఆపాలంటే:

డెఫ్ టికెట్(నుంచి, వరకు, *, పెద్దలు=1, పిల్లలు=0):

స్టార్ తర్వాతివన్నీ పేరుతోనే ఇవ్వాలి. మొదట చూసిన లైను మళ్లీ నడపండి. రెండే తీసుకుంటాను, నాలుగిచ్చారు అంటూ టైప్ఎర్రర్ వస్తుంది. మనకి కావలసింది అదే. నా మటుకు నేను మూడో ఆర్గ్యుమెంట్ నుంచీ అన్నీ స్టార్ వెనకే పెడతాను.

తప్పులు

పేరున్నది ముందు ఇచ్చి, పేరులేనిది తర్వాత ఇవ్వడం: టికెట్(నుంచి="విజయవాడ", "వరంగల్"). ఇది అసలు నడవదు, కాబట్టి వెంటనే దొరికిపోతుంది.

దొరకనిది ఇంకొకటుంది. సామాను=[] అని ఖాళీ లిస్టును డీఫాల్ట్‌గా పెట్టి, లోపల సామాను.అపెండ్("పెట్టె") అని రాశారనుకోండి. మొదటి టికెట్‌కి ఒక పెట్టె. రెండో ప్రయాణికుడి టికెట్‌కి రెండు పెట్టెలు! డీఫాల్ట్ విలువ పిలిచిన ప్రతిసారీ పుట్టదు. డెఫ్ లైను నడిచినప్పుడు ఒక్కసారే తయారై, అదే లిస్టు అందరికీ వాడుకలో ఉంటుంది. ఎర్రర్ రాదు, లెక్క మాత్రం తప్పుతుంది. అందుకని సామాను=నన్ అని పెట్టి, లోపల అది నన్ అయితే అప్పుడు కొత్త లిస్టు చేయండి. ఇవాళ్టి తేదీని డీఫాల్ట్‌గా పెట్టినా ఇదే గొడవ: రాత్రంతా నడిచిన ప్రోగ్రాం పొద్దున కూడా నిన్నటి తేదీ వేస్తుంది.

ఇక, పెద్దలు అన్న పేరును తర్వాతెప్పుడో ప్రయాణికులు అని మార్చారంటే, పాత పేరుతో పిలిచే లైన్లన్నీ విరుగుతాయి. పేర్లు మొదటే ఆలోచించి పెట్టండి. ఊళ్ల పేర్ల విషయంలో ఈ బెడద వద్దనుకుంటే "వరకు" తర్వాత, స్టార్‌కి ముందు ఒక / గుర్తు పెట్టండి. దాని ముందున్నవాటిని వరుసలోనే ఇవ్వాలి, పేరుతో ఇవ్వడం కుదరదు. ఈ గుర్తుకి పైథాన్ 3.8 గానీ ఆ తర్వాతిది గానీ ఉండాలి.