బిడియము వ్యాధి యగుట యెప్పుడు?

సాహిత్య సమావేశమునాడు కొందఱు పిల్లలకు తప్పక కడుపునొప్పి వచ్చుచుండును. దానిని మేము చాలకాలము సాకుగానే తలచితిమి. పద్యము చక్కగా కంఠస్థమైన విద్యార్థి యొకడు ఒకనాడు తరగతిలో లేచి నోరు మెదపకుండుట చూచి, పొగరని కోపించి, గంట మ్రోగువఱకు నిలువబెట్టితిమి. మఱునాటినుండి వాడు వారము దినములు బడికి రాలేదు. అది పొగరు కాదని మాకు ఆలస్యముగా తెలిసినది.

నలుగురిలో మాటాడునపుడు కలుగు వణకును మన పెద్దలు సభాకంపమనిరి. అది కొంచెముగా నందఱికిని ఉండును, వ్యాధి కాదు. కాని తరగతిలో బదులు చెప్పుట, పదుగురిలో భుజించుట, దుకాణములో వస్తువు నడుగుట వంటి చిన్న పనులకు సైతము 'నన్ను చూచి నవ్వుదురేమో' యను భయము పుట్టి, ఆఱు నెలలు, అంతకు మించియు నిలిచి, చదువును స్నేహములను చెఱచుచున్నచో దానిని వైద్యులు సాంఘిక ఆందోళన రుగ్మత యందురు. 1980లో అమెరికా మనోవైద్య సంఘమువారు తమ వర్గీకరణ గ్రంథమున దీనిని ప్రత్యేక వ్యాధిగా చేర్చిరి. ఇది తఱచుగా మీ ప్రాయముననే, అనగా హైస్కూలు చదువు నాళ్లలోనే, మొదలగును.

మన తమిళనాటి తెలుగు తల్లిదండ్రులు ఇచ్చట నొక పొరపాటు చేయుదురు. "మావాడికి తమిళము సరిగా రాదు, అందుకే మాటాడడు" అందురు. కొన్నిసార్లు అది నిజమే. బస్సులో తన ఉచ్చారణకు నవ్వుదురని వెనుదీసిన పిల్లవాడు, ఆటస్థలమున తెలుగు తోటివారితో గలగల మాటాడినచో, వానికి కావలసినది భాషాభ్యాసము మాత్రమే. అచ్చట గూడ గోడకు చేరగిలబడి నిలుచువాని సంగతి వేఱు.

భయపడిన చోటినుండి తప్పించుకొన్నంతనే గుండెదడ తగ్గును. ఆ ఉపశమనమే మోసము. పాఱిపోయితిని గనుక బ్రదికితినని మనస్సు నేర్చుకొనును. మఱుసారి భయము పెరుగును. మాటాడక తప్పనప్పుడు తల వంచి, తన చేతుల వణకునే గమనించుకొనుచుండును గాని, ఎదుటివారు నిజముగా నవ్విరో లేదో చూడనే చూడడు. బిడ్డ నడిగిన ప్రశ్నకు తల్లి బదులు చెప్పుట ప్రేమయే. కాని అదియు భయమునకు పోషణ.

గాంధీ మహాత్ముడు బారిస్టరై వచ్చిన క్రొత్తలో బొంబాయి న్యాయస్థానమున సాక్షిని ప్రశ్నింపలేచి, తల తిరిగి, కూర్చుండిపోయెను. పుచ్చుకొన్న 30 రూపాయల రుసుమును వెనుకకు తీసికొమ్మనెను. ఆయనకు వ్యాధి యుండెనని మేము చెప్పజాలము. ఐనను 1893లో ప్రిటోరియాలో భారతీయ వర్తకుల యెదుట, వ్యాపారమున సత్యమును గూర్చి ఆయన తొలిసారి బహిరంగముగా ఉపన్యసించెను. నాడు ఆయన దృష్టి తనపై గాక విషయముపై నిలిచినదని మా తలంపు.

చికిత్సలో ముఖ్యమైనదియు నదియే. మనోవైద్య నిపుణులు రోగి భయములను మెట్లుగా పేర్చి, క్రింది మెట్టునుండి ఒక్కొక్కటి ఎక్కింతురు. నవ్వుదురను ఊహను జరిగినదానితో పోల్చి చూపింతురు. ఒక్కసారిగా వేదిక యెక్కించుట చికిత్స కాదు, శిక్ష. అవసరమైనచో సెర్ట్రలైన్ వంటి మందులిత్తురు. అవి పనిచేయుటకు కొన్ని వారములు పట్టును. వైద్యుని చీటి లేక కొనరాదు, అడుగక మానరాదు.

మా తరగతిలో ఇప్పుడు పాఠమును మొదట ప్రక్కవానికి, తరువాత నలుగురికి, పిదప కూర్చున్న చోటనే అందఱికి చదివి వినిపింపుమనుచున్నాము. పైని చెప్పిన విద్యార్థి మూడవ మెట్టు చేరినాడు. పుస్తకము వణకినది గాని పద్యము ఆగలేదు.

తల్లిదండ్రులు జిల్లా ఆసుపత్రి మానసిక వైద్య విభాగమున విచారింపవచ్చును. 2022లో కేంద్ర ప్రభుత్వము నెలకొల్పిన టెలి మానస్ సేవకు 14416 సంఖ్యకు రుసుము లేకుండ ఫోను చేయవచ్చును. అచ్చట తెలుగులోనే మాటాడుటకు వీలున్నది.