దిగే దారి చూసుకుని బీటా ఎక్కండి

మనలో కొందరికి ఏదైనా అందరికంటే ముందు చేతికందితే గానీ నిద్ర పట్టదు. సినిమా మొదటి రోజు మొదటి ఆటే చూడాలి, ఫోన్‌లో కొత్త అప్‌డేట్ ఆఫీసులో అందరికంటే ముందు తమకే పడాలి. సినిమా బాగోకపోతే పోయేది మూడు గంటలు. బీటా సాఫ్ట్‌వేర్, అంటే ఇంకా పరీక్షలో ఉన్న వెర్షన్, తేడా కొడితే మాత్రం కిరాణా కొట్లో క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి, తెర మీద తిరుగుతూనే ఉన్న చక్రాన్ని చూస్తూ నిలబడాలి. వెనక నలుగురు ఎదురుచూస్తుంటారు. "క్యాష్ లేదా సార్?" అంటాడు కొట్టతను.

ఈ ఉబలాటాన్ని నేను తప్పుపట్టను. కాకపోతే అది ఏ రకమో మనకు తెలిసుండాలి. లోపల ఏం మారిందో చూడాలనుకునేవాళ్లు మూలన పడున్న పాత ఫోన్‌లో వేసుకుంటారు. నలుగురికీ చూపించాలనుకునేవాళ్లు రోజూ వాడే ఫోన్‌లోనే వేస్తారు. ఇప్పుడు అడ్డు కూడా ఏమీ లేదు. యాపిల్ డెవలపర్ బీటా కావాలంటే ఒకప్పుడు ఏడాదికి 99 డాలర్లు కట్టాలి. 2023లో ఐఓఎస్ 17 నుంచి అది ఉచితమైంది. పైసా ఖర్చు లేదు కాబట్టి క్షణం ఆలోచనా లేదు.

కొత్తగా ఏమేం వచ్చాయో అందరూ చదువుతారు. నచ్చకపోతే వెనక్కి ఎలా రావాలో చదివేవాళ్లు తక్కువ. గూగుల్ పిక్సెల్‌లో ఆండ్రాయిడ్ బీటా వేసుకుని, మధ్యలో వద్దనుకుని పాత వెర్షన్‌కి వస్తే ఫోన్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది. ఐఫోన్‌నైతే కంప్యూటర్‌కి తగిలించి రీస్టోర్ చేయాలి. బీటాలో ఉండగా తీసిన బ్యాకప్ పాత వెర్షన్‌లో ఎక్కకపోవచ్చు కాబట్టి, బీటాకి ముందే కంప్యూటర్‌లో ఒక బ్యాకప్ విడిగా దాచుకోవాలి. యాపిల్ వాచ్‌లో బీటా వేస్తే మీ అంతట మీరు వెనక్కి తెచ్చుకునే దారే లేదు.

చెరిగిపోవడమంటే ఫొటోలు పోవడం ఒక్కటే అనుకోకండి. బ్యాకప్ లేని వాట్సాప్ సంభాషణలన్నీ పోతాయి. యూపీఐ యాప్‌లు మళ్లీ మొదటి నుంచి నమోదు చేసుకోవాలి. బ్యాంకులో ఇచ్చిన నంబరున్న సిమ్ ఆ ఫోన్‌లోనే ఉండాలి, దాని నుంచి ఎస్సెమ్మెస్ వెళ్లాలి. ఊళ్లో ఉన్న నాన్నగారి పేరు మీద సిమ్ తీసుకుని, దాన్ని ఇంకో ఫోన్‌లో పెట్టుకున్నవాళ్లకు ఆ పూట ఎలా గడుస్తుందో ఊహించుకోండి.

సరే, వేసేశారు. బ్యాంక్ యాప్ తెరుచుకోవట్లేదు, బ్యాటరీ గబగబా దిగిపోతోంది. ఇక్కడే మనిషి నిబ్బరం తెలుస్తుంది. పెద్ద అప్‌డేట్ తర్వాత ఒకటి రెండు రోజులు ఫోన్ లోపల సర్దుకునే పని నడుస్తుంది, వేడెక్కడమూ మామూలే. ఆ రెండు రోజులూ ఆగలేక రాత్రి పన్నెండింటికి ఫ్యాక్టరీ రీసెట్ కొట్టేవాళ్లు కొందరుంటారు. పొద్దున లేచేసరికి సమస్య అలాగే ఉంటుంది, కాంటాక్టులు ఉండవు! ముందు ఆ యాప్‌కి అప్‌డేట్ వచ్చిందేమో చూడండి. తర్వాత అది దాచుకున్న తాత్కాలిక ఫైళ్లు (క్యాష్) తీసేసి చూడండి. అయినా లొంగకపోతే అప్పుడు ఫిర్యాదు రాయండి.

ఫిర్యాదు రాయడం కూడా ఒక విద్యే. "బ్యాంక్ యాప్ పనిచేయట్లేదు, దరిద్రపు అప్‌డేట్" అని రాస్తే మీ కోపం చల్లారుతుంది, అంతే. "యాప్ తెరిచి పిన్ కొట్టగానే తెల్ల తెర వచ్చి ఆగిపోతోంది. వైఫై మీదా అంతే, మొబైల్ డేటా మీదా అంతే. నిన్న రాత్రి బీటా 2 వేయకముందు బాగానే ఉంది" అని రాసి చూడండి. అవతలి ఇంజనీరు తన ఫోన్‌లో అదే చేసి, అదే తెల్ల తెర చూడగలడు. ఏం చేశాను, ఏం జరిగింది, ఏం జరగాలి, ఎప్పటి నుంచి: ఈ నాలుగూ రాయడం అలవాటైనవాళ్లు కరెంటాఫీసుకి అర్జీ రాసినా పని త్వరగా అవుతుంది. బీటాలో ఉంటూ ఫిర్యాదు పంపకుండా తిట్టుకుంటూ కూర్చునేవాళ్లకు మాత్రం నా సానుభూతి లేదు. పరీక్షించడానికి ఒప్పుకునే కదా అందులోకి వచ్చింది.

ఎప్పుడు ఎక్కాలన్నది కూడా చూసుకోండి. ఆండ్రాయిడ్‌లో "ప్లాట్‌ఫామ్ స్టెబిలిటీ" అనే మజిలీ ఒకటి ఉంది. యాప్‌లు ఆధారపడే లోపలి ఏర్పాట్లు ఇక మారవని గూగుల్ మాటిచ్చే దశ అది. యాప్ కంపెనీలు తమ చివరి పరీక్షలు అప్పుడు మొదలుపెడతాయి. ఆండ్రాయిడ్ 13 నుంచి 16 దాకా ఆ మజిలీ బీటా 3తోనే వచ్చింది. మీ యాప్‌లు పనిచేస్తాయా లేదా అన్న బెంగ ఉంటే అందాకా ఆగినా పోయేదేమీ లేదు.

దిగడానికీ ఒక సమయముంది. అసలు వెర్షన్ విడుదలయ్యాక అది మీ ఫోన్‌లో ఎక్కనివ్వండి. ఆ వెంటనే, తర్వాతి బీటా పడకముందే, ఆండ్రాయిడ్ బీటా ప్రోగ్రామ్ నుంచి తప్పుకోండి. అప్పుడు ఏదీ చెరగదు. తప్పుకోగానే వెనక్కి తీసుకెళ్లే అప్‌డేట్ ఒకటి వస్తే దాన్ని ముట్టుకోకండి. ఐఫోన్‌లో సెట్టింగ్స్‌కి వెళ్లి బీటా అప్‌డేట్స్ ఆపేసి, అసలు వెర్షన్ వచ్చినప్పుడు వేసుకుంటే సరిపోతుంది. ఆ సమయం దాటనిచ్చి, వచ్చిన బీటాని కూడా అలవాటుగా ఓకే నొక్కేశారంటే, చెరుపుకోకుండా బయటపడడానికి మళ్లీ అసలు వెర్షన్ వచ్చేదాకా కొన్ని నెలలు చూడాల్సిందే.