అందరి ఫోన్లూ నాకే!

సమస్య



మాది చందానగర్. నేను అమీర్‌పేటలో ఒక ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. మావారి ఆఫీసు నానక్‌రామ్‌గూడలో. పాప మూడో తరగతి, బడి నల్లగండ్లలో. పోయిన నెల ఒకరోజు మధ్యాహ్నం కుండపోత. బడి ముందే వదిలేస్తున్నామని మెసేజ్ వచ్చింది. అది చూసేలోపే బడి వ్యాను డ్రైవరు ఫోన్: "మేడమ్, లింగంపల్లి బ్రిడ్జి కింద నీళ్లు నిండినయ్, బండి పోదు." అదే రోజు మా అత్తగారు రాజమండ్రి నుంచి వస్తున్నారు. రైలు లేటుగా వచ్చింది. ఆవకాయ జాడీతో లింగంపల్లిలో దిగి, "అమ్మాయ్, ఎవరూ రాలేదేమే?" అని ఆవిడ ఫోన్. మావారికి చేస్తే "మీటింగ్‌లో ఉన్నా, నువ్వు చూసుకో" అని మెసేజ్.

మెట్రో మియాపూర్ వరకే కదా. అక్కడ దిగితే మెట్ల నిండా జనం, ఆటోవాళ్లది నోటికొచ్చిన రేటు. ఎలాగో బ్రిడ్జి దాకా వచ్చి ఇవతలే నిలబడ్డాను. నీళ్లు తగ్గి వ్యాను దాటేసరికి చీకటి పడింది. పాప తడిసిన బూట్లు ఒళ్లో పెట్టుకుని, లంచ్ బాక్సులో మిగిలిన పులిహోర మెతుకులు ఏరుకుని తింటోంది. నన్ను చూడగానే ఏడ్చేసింది.

ఇంటికొచ్చాక అత్తగారు, "పిల్లని రోడ్డున పడేసే ఉద్యోగం మనకెందుకమ్మా, మానెయ్" అన్నారు. మావారు ఔననలేదు, కాదనలేదు. వానాకాలం ఇంకా సగం ఉంది. మానెయ్యమంటారా?

- పేరు వద్దు, చందానగర్

సలహా

మానొద్దు. మీరు ఇంట్లో ఉన్నా ఆ బ్రిడ్జికి ఇవతలే ఉండేవారు, వ్యాను అవతలే ఉండేది. మీరు ఉద్యోగం చేస్తున్నందుకు బ్రిడ్జి కింద నీళ్లు చేరలేదు.

మీ ఉత్తరం రెండోసారి చదివినప్పుడు నాకొకటి తట్టింది. నల్లగండ్ల, నానక్‌రామ్‌గూడ రెండూ బ్రిడ్జికి ఒకే వైపున్నాయి. అంటే ఆరోజు ఆ నీళ్లు దాటే పని లేకుండా పాప దగ్గరికి త్వరగా వెళ్లగలిగింది మీవారే. కానీ బడి, డ్రైవరు, అత్తగారు ముగ్గురూ ఎక్కడో అమీర్‌పేటలో ఉన్న మీకే కబురు చేశారు. ఎందుకంటే అందరికీ మొదట గుర్తొచ్చేది మీ నంబరే. అడ్మిషన్ ఫారంలో ఇద్దరి నంబర్లూ రాసే ఉంటారు, కానీ చాలా బళ్లలో మొదట మోగేది తల్లి ఫోనే. తండ్రి మీటింగ్‌లో ఉంటాడని, తల్లి ఉండదని వాళ్ల లెక్క కాబోలు!

బడికి ఒక కాగితం రాసివ్వండి. వాన రోజుల్లో మొదట తండ్రికి చేయాలి, ఆయన ఎత్తకపోతేనే తల్లికి. బడి వైపే ఉండే మరొకరి పేరు, ఫొటో కూడా ఇచ్చి, వీళ్లలో ఒకరు వచ్చేదాకా పాపను వ్యానెక్కించొద్దని, లోపలే కూర్చోబెట్టమని రాయండి. బడిలో గోడలున్నాయి, బాత్రూమ్ ఉంది, టీచరుంటారు. రోడ్డు మీద ఆగిన వ్యానులో ఇవేవీ లేవు. బ్యాగులో ఒక బిస్కెట్ ప్యాకెట్, ఒక జత సాక్సులు ఎప్పుడూ ఉంచండి. మీ ఇద్దరి నంబర్లూ పాపకు నోటికి రావాలి, మూడో తరగతి పిల్లకి అదేం కష్టం కాదు.

డ్రైవరు మీద మీకు కోపం ఉందేమో తెలియదు. ఉంటే మానుకోండి. 2022 జులైలో మహబూబ్‌నగర్ జిల్లాలో ఒక బడి బస్సు రైల్వే అండర్‌బ్రిడ్జి నీళ్లలోకి దిగి చిక్కుకుపోయింది. ఊళ్లోవాళ్లు పరుగెత్తుకొచ్చి పిల్లల్ని బయటికి తీశారు. అడుగు లోతు నీళ్లు చాలు చిన్న కారు తేలిపోవడానికి. మీ డ్రైవరు ఆగాడు, ఆగి మీకు చెప్పాడు. ఈసారి కలిసినప్పుడు ఆయనకు థాంక్స్ చెప్పండి.

అత్తగారి సంగతి. ఆరోజు మీ ఇంట్లోవాళ్లందరిలో భద్రంగా ఉన్నది ఆవిడే: నెత్తిన స్టేషన్ పైకప్పు, చేతిలో ఫోను, చుట్టూ జనం. ముందే చెప్పి ఉంటే వెయిటింగ్ హాల్లో కూర్చునేవారు. రైలు ఎక్కడుందో 139కి ఫోన్ చేస్తే చెబుతారు, ఎన్‌టీఈఎస్ యాప్‌లోనూ చూడొచ్చు. ఆ పని కొడుకుది. వాళ్లమ్మ కదా!

ఆవిడ మాటను మాత్రం మరీ పట్టించుకోకండి. చీకట్లో మనవరాలి ఏడుపు చూసి కంగారుగా అన్న మాట అది. నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది మీవారి మౌనం. "నువ్వు చూసుకో" అని టైప్ చేసినంతసేపట్లో "బడికి వెళ్తున్నా" అని చెప్పి మీటింగ్‌లోంచి లేవొచ్చు. పోట్లాట వద్దు. గూగుల్ మ్యాప్ తెరిచి బడి, ఆయన ఆఫీసు, మీ ఆఫీసు, మధ్యలో ఆ బ్రిడ్జి చూపించి, పాప దగ్గరికి ఎవరు ముందు చేరగలరో ఆయన్నే చెప్పమనండి.

ఈ శనివారం బడికి ఇద్దరూ కలిసి వెళ్లండి. కాగితం మీద సంతకం ఆయన చేతే పెట్టించండి.