రక్షణకరమగు విశ్వాసమనగా నేమి?

క్రైస్తవ మతమును గూర్చి విద్యావంతులలో నొక యాక్షేపణ తరచుగా వినబడుచుండును. మనుష్యుడు జీవితమంతయు దుర్మార్గమున గడపి, తుదకు 'నమ్మితిని' అను నొక్క మాట పలికినంతనే తరించునట, ఇది ధర్మమా? యని వారడుగుదురు. ఈ యాక్షేపణ నిజమైనచో నది చిన్నది కాదు; నీతికి వేరుపురుగు పట్టినట్లే యగును. అయినను ఉభయ పక్షముల వాదమును వినక తీర్పు చెప్పిన న్యాయాధిపతిని మనము మెచ్చము. ఒక మతమును విమర్శించుటకు ముందు ఆ మతస్థులు తమ మూలపదమునకు చెప్పుకొను నర్థమేదో విచారింపవలెను. కాబట్టి విశ్వాసమను పదమును ఈ పాఠమున పరిశీలింపబూనితిమి.

మన భాషలో విశ్వాసమునకు రెండర్థములు గలవు. నమ్మకమనునది యొకటి, ద్రోహము చేయక నిలిచియుండుట రెండవది. కుక్క విశ్వాసముగల జంతువందుము. అది యజమానుని గూర్చి యేదో సిద్ధాంతము నంగీకరించినదని మన భావము కాదు. అన్నము పెట్టిన చేతిని విడువదని భావము. ఉప్పు తిన్న యింటికి కీడు తలపెట్టినవానిని విశ్వాసఘాతకుడందుము. క్రొత్త నిబంధనమున వాడబడిన 'పిస్తిస్' అను గ్రీకు పదమునకును ఈ రెండర్థములును గలవు. హెబ్రీ భాషలోని 'ఎమూనా' యను పదమునకు నిలుకడ, స్థిరత్వము అనునవి ముఖ్యార్థములు. కాబట్టి నోటిమాటను మాత్రమే విశ్వాసమనుట ఆ గ్రంథముల భాషకే విరుద్ధము.

ప్రొటెస్టంటు పండితులు విశ్వాసమున మూడంశములను జెప్పుదురు: తెలిసికొనుట, ఒప్పుకొనుట, ఆశ్రయించుట. 1563వ సంవత్సరమున వెలువడిన హైడెల్‌బర్గు ప్రశ్నోత్తరావళియు, నిజమైన విశ్వాసము తెలివి మాత్రమే కాదనియు, హృదయపూర్వకమగు నమ్మిక యనియు బోధించుచున్నది. మా వృత్తినుండి యొక యుదాహరణము చెప్పెదము. ఒక కక్షిదారుడు ఫలానా న్యాయవాదిని గూర్చి వినును. అతడు సమర్థుడని యొప్పుకొనును. అంతమాత్రమున వ్యాజ్య మాతని చేతికి పోదు. వకాలతు వ్రాసియిచ్చి, దస్తావేజులన్నియు నాతని ముందుంచవలెను. వకాలతు వ్రాసియిచ్చియు, తనకు ప్రతికూలమగు కాగితమును పెట్టె యడుగున దాచుకొన్నవాడు తన న్యాయవాదిని నమ్మినవాడు కాడు. క్రైస్తవులు చెప్పెడి రక్షణకరమగు విశ్వాసము ఆ దాచిన కాగితముతో కూడ తన్ను తాను క్రీస్తున కప్పగించుకొనుటయే.

ఇచ్చట నొక చిక్కు గలదు. మనుష్యుడు విశ్వాసమువలన నీతిమంతుడగునే కాని క్రియలవలన కాదని పౌలు రోమీయులకు వ్రాసెను. క్రియలు లేని విశ్వాసము మృతమని యాకోబు తన పత్రికలో వ్రాసెను. వీరిరువురును అబ్రాహామునే సాక్షిగా పిలిచిరి. సాక్షి యొక్కడే, వాదములు రెండు! అయితే వారడిగిన ప్రశ్నలు వేరు. పౌలు ఆదికాండము పదునైదవ యధ్యాయమును జూపెను. అచ్చట అబ్రాహాము సంతానహీనుడు. దేవుని వాగ్దానమును నమ్ముట తప్ప నతడు చేసినదేమియు లేదు. యాకోబు ఇరువదిరెండవ యధ్యాయమును గూడ జూపెను. అచ్చట నతడు తన కుమారుడగు ఇస్సాకును బలిపీఠముపై నుంచెను. మొదటిచోట విశ్వాసము పుట్టినది. పెక్కేండ్లకు రెండవచోట అది బ్రతికియున్నదని రుజువైనది. క్రియలతో రక్షణను కొనజూచువానికి పౌలు సమాధానము. క్రియలు లేకయే విశ్వాసియని చెప్పుకొనువానికి యాకోబు సమాధానము. దేవుడొక్కడే యని దయ్యములును నమ్మి వణకుచున్నవని యాకోబు చేసిన హెచ్చరిక యీ రెండవవాని కొరకే.

ఈ భేదము యూరపు ఖండమును చీల్చినది. మార్టిన్ లూథరు 1522లో క్రొత్త నిబంధనమును జర్మను భాషలో ప్రకటించినపుడు పౌలు వాక్యమునకు 'మాత్రమే' యను పదమును జేర్చెను. యాకోబు పత్రికను తక్కువగా నెంచెను. అయినను రోమీయుల పత్రికకు తాను వ్రాసిన పీఠికలో, విశ్వాసము సజీవమై, ఊరకుండనేరక, ఎల్లప్పుడు మేలు చేయుచుండునదని యాతడే వివరించెను. రోమను కాథలిక్కులు 1547లో ట్రెంటు సభయందు ఆతని బోధను ఖండించిరి. నాలుగున్నర శతాబ్దముల పిమ్మట, 1999 అక్టోబరు 31వ తేదీని, జర్మనీలోని ఆగ్స్‌బర్గు నగరమున ఉభయపక్షములవారును ఈ విషయమున నొక సంయుక్త ప్రకటనపై సంతకములు చేసిరి. రక్షణము మానవుని యోగ్యతకు ప్రతిఫలము కాదు, దైవానుగ్రహమే. ఆ యనుగ్రహమే సత్క్రియలకు ప్రేరేపించును: ఇది దాని సారము.

కాగా సత్క్రియలు మూల్యము కావు, సాక్ష్యములు. క్రీస్తు ప్రక్కన సిలువవేయబడిన దొంగకు సత్కార్యములు చేయుటకు దినము మిగులలేదు; ఐనను వాడు స్వీకరింపబడెను. దినములు మిగిలిన జక్కయ్య మాత్రము తన యాస్తిలో సగము బీదలకిచ్చి, అన్యాయముగా తీసికొన్నదానికి నాలుగంతలు మరల చెల్లింప నొప్పుకొనెను. వ్యవధి గలవానికి ఫలము చూపు బాధ్యత గలదు.

ఈ బాధ్యత యెంత కఠినమో జాన్ న్యూటను చరిత్రము తెలుపుచున్నది. ఈ యాంగ్లేయ నావికుడు 1748 మార్చి మాసమున అట్లాంటికు సముద్రమున తుపానులో చిక్కి దేవుని ప్రార్థించెను. బ్రతికి బయటపడి దుర్భాషలు మానెను, బైబిలు చదువసాగెను. కాని యటుపిమ్మటనే 1754 వరకు బానిసలను గొనిపోవు నోడలకు నాయకుడుగా నుండెను! క్రింద సంకెళ్లలో మనుష్యులు మూలుగుచుండ పైన నాతడు ప్రార్థన సలుపుచుండెను. తుపాను దినమున తాను పూర్ణార్థమున విశ్వాసిని కానని యాతడే తరువాత వ్రాసికొనెను. 1764లో మతాచార్యుడయ్యెను. 1788లో బానిస వ్యాపారమును ఖండించుచు నొక చిన్న పుస్తకమును ప్రకటించి, అందు తన పాత్రను దాచక యొప్పుకొనెను. పార్లమెంటు విచారణసంఘము నెదుట సాక్ష్యము చెప్పెను. 1807లో ఆ వ్యాపారమును నిషేధించు చట్టము వెలువడెను. ఆ సంవత్సరాంతముననే యాతడు మరణించెను. పెట్టె యడుగున దాగిన కాగితము బయటికి వచ్చుటకు నలువదియేండ్లు పట్టినది. ఆ నలువదియేండ్ల యాలస్యమునకు వెల యిచ్చినది న్యూటను కాదు. ఓడ యడుగుననున్న మనుష్యులు.

చదువరులారా, మొదటి యాక్షేపణ కిపుడు సమాధానము స్పష్టము. 'నమ్మితిని' యను మాట చాలునని ఆ మతముయొక్క మూలగ్రంథములు చెప్పలేదు. అయితే ఆక్షేపించువారిని గూడ ఈ విచారణ విడువదు. సభలలో సత్యమునకు చేయెత్తి, ఇంట దానికి తలుపు మూయువారు అన్ని మతములలోను, ఏ మతమును లేనివారిలోను గలరు. మనము నమ్మితిమని చెప్పుకొనుచున్న దానిచే మనలో నేది మారినది? మారక మిగిలిన దానివలన బాధపడుచున్న వారెవరు? ఈ ప్రశ్నలకు మనము చెప్పుకొను సమాధానము చాలదు. మన యింటి సేవకులను, మన యాడువారిని, మన ఋణస్థులను పిలిచి యడిగినచో వారేమి చెప్పుదురో, అదియే మన విశ్వాసమునకు సాక్ష్యము.