కురిటిబా నగరమునకు ప్రయాణసన్నాహము

గడచిన సంవత్సరము మా భూగోళపాఠములో నొక చిన్న పరీక్ష జరిగినది. బ్రెజిలు దేశమందలి కురిటిబా నగరమునకు జూలై మాసములో పోవలసివచ్చినచో వెంట నేమేమి తీసికొనిపోవలెనో పట్టిక వ్రాయవలెను. మేము గుంపులుగా గూర్చుండి ఉత్సాహముతో వ్రాసితిమి. అన్ని పట్టికలలోను పలుచని నూలుబట్టలు, నీళ్లసీసా కనబడెను. ఉన్నిబట్ట ఒక్కదానిలోను లేదు. బ్రెజిలనగా ఎండలదేశమని మేమందరము నమ్మియుంటిమి. ఆ పట్టికలను నమ్మి బయలుదేరియున్నచో మొదటి రాత్రియే చలికి వణకియుందుము. మా తప్పు ఎచ్చట నున్నదో వెదకుచు నేర్చుకొన్న సంగతులను చదువరులకు మనవి చేయుచున్నాము.

ముందుగా పటమును జూతము. కురిటిబా దక్షిణ బ్రెజిలునందలి పరనా రాష్ట్రమునకు ముఖ్యపట్టణము. 1693వ సంవత్సరమున స్థాపింపబడినది. 2022వ సంవత్సరపు జనాభా లెక్కలలో అచ్చట పదునేడు లక్షలకు పైగా జనులుండిరి. ఈ నగరము భూమధ్యరేఖకు దక్షిణముగా 25 డిగ్రీలు దాటిన చోట, అనగా మకరరేఖకు ఆవల, ఉన్నది. కావున ఇది ఉష్ణమండలములోనిది కాదు. అంతేకాక దక్షిణార్ధగోళములో ఋతువులు మనకు తలక్రిందులుగా నుండును. డిసెంబరు మొదలు ఫిబ్రవరి వరకు వారికి వేసవి. జూన్ మొదలు ఆగస్టు వరకు చలికాలము. మేము పోదలచిన జూలై నడి చలికాలమన్నమాట.

అయినను అక్షాంశమొక్కటియే చాలదు. మన ప్రయాగ కూడ భూమధ్యరేఖకు ఉత్తరముగా సుమారు అంతే దూరమున నున్నది. అచ్చట వేసవిలో ఎండ 40 డిగ్రీలను మించును. కురిటిబాలో మిక్కిలి వెచ్చని మాసమగు జనవరి సగటు వేడిమి సుమారు 21 డిగ్రీలే! ఈ భేదమునకు ఒక కారణము ఎత్తు. ప్రయాగ మైదానములో సుమారు 100 మీటర్ల ఎత్తున నుండగా, కురిటిబా పీఠభూమిపై 930 మీటర్లకు పైగా నున్నది. ప్రతి 1000 మీటర్లకును సుమారు ఆరు డిగ్రీల వేడిమి తగ్గునని మనము చదివిన పాఠమిచ్చట కన్నులకు కట్టినట్లుండును. జూలైలో సగటు వేడిమి 13, 14 డిగ్రీలుండును. దక్షిణమునుండి చలిగాలులు వీచిన రాత్రులలో పచ్చికపై మంచు గడ్డకట్టి తెల్లగా పేరుకొనును. 1975వ సంవత్సరము జూలై 17వ తేదిన నగరముపై హిమము కురిసెను. మరల 2013వ సంవత్సరము జూలై 23వ తేదిన కొంచెముగా కురిసెను.

అచ్చటి అడవులకు అరౌకేరియా యను దేవదారుజాతి వృక్షము అలంకారము. దాని కొమ్మలు శిఖరమున గొడుగువలె విచ్చుకొనియుండును. ఈ వృక్షములు విస్తారముగా నున్న చోటు గనుకనే ఆదివాసుల భాషలో నగరమునకీ పేరు వచ్చినదందురు. చలికాలములో దీని గింజలనుడకబెట్టి జనులు ఇష్టముగా తిందురు. నరుకుడు మితిమీరుటచే ఈ జాతి నేడు మిక్కిలి తగ్గిపోయినది.

ఎత్తు చేయు మార్పును ఒక్క దినములో చూడగోరువారు రైలు ఎక్కవలెను. కురిటిబానుండి సముద్రతీరమందలి పరనగువా రేవువరకు సుమారు 110 కిలోమీటర్ల ఇనుపదారి 1885వ సంవత్సరమున తెరువబడినది. నేడు యాత్రికుల బండి కొండల నడుమ సొరంగములను, వంతెనలను దాటుచు నాలుగు గంటలలో దిగువనున్న మొర్రెటెస్ గ్రామమునకు చేరును. పైన చలిగాలి, క్రింద అరటితోటలు! ఈ దారిని యోచించినవారిలో ఆఫ్రికా సంతతివాడగు ఆంటోనియో రెబూసాస్ అను ఇంజనీరు ముఖ్యుడు. బ్రెజిలులో బానిసత్వము 1888 వరకు రద్దుకాలేదు. అట్టి దేశములో ఆయనయు, అన్న ఆంద్రేయు విద్యచే పేరుగాంచిరి. ఆంటోనియో 1874లోనే మరణించుటచే తాను తలపోసిన దారిపై బండి నడచుట చూడలేదు.

ఇక ప్రయాణపత్రముల సంగతి. భారతీయులకు పాసుపోర్టుతోపాటు వీసా కావలెను. అంతకన్న మరచిపోరానిది పచ్చజ్వరపు టీకా. ఈ వ్యాధి దోమలచే వ్యాపించును. పరనా రాష్ట్రమునకు పోవువారు టీకా వేయించుకొనుట మంచిదని వైద్యులు చెప్పుదురు. ప్రయాణమునకు కనీసము పది దినములు ముందుగా, ప్రభుత్వము నియమించిన కేంద్రములోనే దానిని వేయించుకొని పత్రము పుచ్చుకొనవలెను. పత్రము లేక బ్రెజిలునుండి తిరిగి వచ్చినవారిని మన దేశపు విమానాశ్రయమున నాపి, ఆరు దినములవరకు వేరుగా నుంచవచ్చును. ఇల్లు చేరవలసిన దినమున ఇంటివారికి కలుగు ఆందోళనము ఊహించుకొనుడు.

గడియారమును గూడ మరువరాదు. మనకు మధ్యాహ్నము 12 గంటలైనప్పుడు అచ్చట తెల్లవారుజామున 3½ గంటలు. తల్లిదండ్రులు ఫోను చేయబోవునప్పుడు ఈ లెక్క చూచుకొనవలెను. అచ్చటి భాష పోర్చుగీసు. కావున "ఒబ్రిగాదు", అనగా కృతజ్ఞుడను, అను మాటయైనను నేర్చుకొని పోవుట మర్యాద. స్త్రీలు "ఒబ్రిగాదా" యనవలెను.

ఈ సంగతులన్నియు తెలిసినపిదప మేము పట్టికను మరల వ్రాసితిమి. ఉన్నిచొక్కా, మేజోళ్లు, టీకాపత్రము చేరినవి. పలుచని బట్టలు కొండ దిగు దినమునకు రెండు మాత్రమే మిగిలినవి. మాలో నొకరు మొదటినుండియు గొడుగు ఉండితీరవలెనని వాదించుచుండిరి. కురిటిబాలో వానలు ఒక ఋతువునకే పరిమితము గాక ఏడాది పొడుగున కురియునని తెలిసినప్పుడు ఆ వాదము నిజమయ్యెను. ఆ గొడుగు తప్ప మా మొదటి పట్టికలో ఏదియు సరిగా నుండలేదని చెప్పుకొనుటకు మేము సిగ్గుపడము. దేశముపేరు విని తీర్పు చెప్పక, అక్షాంశమును, ఎత్తును, మాసమును అడిగి తెలిసికొనవలెనని ఆ తప్పే మాకు నేర్పినది.